టాపెస్ట్రీ పేజీలో పలకని హ్యాండ్లర్: లోపాన్ని వెతికే పద్ధతి

వెబ్ పేజీలో బటన్ నొక్కినప్పుడు గానీ, లింకు మీద క్లిక్ చేసినప్పుడు గానీ, ఫారం నింపి పంపినప్పుడు గానీ సర్వర్‌లో జరగవలసిన పనిని చేసే జావా మెథడ్‌ను ఈవెంట్ హ్యాండ్లర్ అంటారు. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నీడన ఓపెన్ సోర్స్ పద్ధతిలో పెరిగిన టాపెస్ట్రీ ఫ్రేమ్‌వర్క్‌లో ఈ హ్యాండ్లర్‌ను విడిగా ఎక్కడా నమోదు చేయనక్కరలేదు. పేజీ క్లాసులోని మెథడ్‌కు తగిన పేరు పెడితే చాలు, ఏ ఈవెంట్ వచ్చినప్పుడు దాన్ని పిలవాలో ఫ్రేమ్‌వర్క్ ఆ పేరును బట్టే గ్రహిస్తుంది. హోవర్డ్ లూయిస్ షిప్ సృష్టించిన ఈ ఫ్రేమ్‌వర్క్‌లో నాలుగో తరం వరకూ పేజీలకు ఎక్స్ఎంఎల్ వివరణ ఫైళ్లు, ఆబ్‌స్ట్రాక్ట్ క్లాసులు రాయడం మామూలు. 2008 డిసెంబరులో స్థిరమైన విడుదలగా వెలువడిన ఐదో తరం, పాతవాటితో పొసగకపోయినా సరేనని మొదటి నుంచి తిరగరాసినది కాబట్టి, ఆ బరువంతా దించేసి పేర్ల ఆనవాయితీ మీద నిలబడింది. ఈ అధ్యాయం ఆ ఐదో తరానికి సంబంధించినది. మెథడ్ పేర్లను, పేజీలోని లింకు, ఫారం వంటి భాగాలైన కాంపొనెంట్ల పేర్లను ఇందులో ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలోనే ఇవ్వడం జరిగింది.

ఈ సౌలభ్యానికి ఒక వెల ఉంది. పేరులో ఒక్క అక్షరం తప్పినా ఆ మెథడ్ జావా భాష దృష్టిలో నిక్షేపంలాంటి మెథడే కనుక కంపైలర్ అభ్యంతరం చెప్పదు, పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో వెబ్ టెక్నాలజీస్ పాఠ్యాంశం కింద సర్వ్‌లెట్లు, జేఎస్‌పీలు నేర్చుకుని వచ్చినవారికి ఇది కొత్త ఇబ్బంది, ఎందుకంటే అక్కడ ఏ చిరునామా ఏ క్లాసుకు పోవాలో వివరణ ఫైలులో కళ్లెదుట రాసి ఉంటుంది, టాపెస్ట్రీలో ఆ ముడి పేరులోనే దాగి ఉంటుంది.

అందువల్ల ఈ ఫ్రేమ్‌వర్క్‌తో పనిచేసేవారు అన్నిటికంటే ముందు మార్చుకోవలసింది ఫిర్యాదు చెప్పే తీరును. “హ్యాండ్లర్ పనిచేయడం లేదు” అన్న వాక్యం చూసిన విషయాన్ని చెప్పడం లేదు, చూసినదాని నుంచి తొందరపడి తీసిన తీర్పును చెబుతోంది. ఆ ఒక్క తీర్పు వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సంగతులు దాగి ఉండవచ్చు: బ్రౌజర్ పంపిన అభ్యర్థన సర్వర్‌కు చేరనే లేదేమో, చేరినా ఆ మెథడ్‌ను ఫ్రేమ్‌వర్క్ ఎంచుకోలేదేమో, ఎంచుకుని నడిపినా దాని ఫలితం తెర మీదికి వచ్చేలోపే చెరిగిపోయిందేమో. మూడింటికీ బయటి లక్షణం ఒక్కటే, మందు మాత్రం వేర్వేరు. గంటల తరబడి వృథా అయ్యే శ్రమలో అధికభాగం మూడో రకం జబ్బుకు రెండో రకం మందు వాడటం వల్లనే జరుగుతుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

అభ్యర్థన చేరిందా?

మొదటి ప్రశ్నకు జవాబు బ్రౌజర్‌లోనే దొరుకుతుంది. డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ పట్టికను తెరిచి ఉంచి ఫారం పంపితే, ఆరోగ్యంగా ఉన్న టాపెస్ట్రీ పేజీలో సాధారణంగా రెండు వరసలు కనిపిస్తాయి: మొదటిది పోస్ట్ అభ్యర్థన, దానికి 302 అనే దారిమళ్లింపు జవాబు; రెండవది గెట్ అభ్యర్థన, దానికి 200 అనే మామూలు జవాబు. మొదటి వరసే లేకపోతే లోపం జావా కోడ్‌లో లేదు, బ్రౌజర్ వైపు జావాస్క్రిప్ట్ తనిఖీ ఏదో ఫారంను ఆపేసిందని గానీ, బటన్ అసలు ఆ ఫారం లోపల లేదని గానీ అర్థం. మొదటి వరసకు 302 బదులు 500 వచ్చిందంటే హ్యాండ్లర్‌లోనో అంతకుముందో ఎక్సెప్షన్ లేచింది, దాని వివరం ఎర్రర్ పేజీలోనే ఉంటుంది.

ఆ అభ్యర్థన తాలూకు చిరునామాను ఓపికగా చదవడం నేర్చుకున్నవారికి సగం దర్యాప్తు అక్కడే పూర్తవుతుంది. టాపెస్ట్రీ చిరునామాలో మొదట పేజీ పేరు, ఆ తర్వాత చుక్క, చుక్క తర్వాత కాంపొనెంట్ ఐడీ, అటుపైన అవసరమైతే కోలన్ గుర్తు పెట్టి ఈవెంట్ పేరు, ఆ వెనుక ఏటవాలు గీతలతో (స్లాష్) విడదీసిన విలువలు ఉంటాయి. ఈవెంట్ పేరు ‘యాక్షన్’ అయితే దాన్ని రాయకుండా వదిలేస్తారు. ఉదాహరణకు ‘పుస్తకాలు’ అనే పేజీలో ‘తొలగించు’ అనే లింకు 17వ నంబరు పుస్తకాన్ని ఉద్దేశించినదైతే, చిరునామాలో పేజీ పేరు, చుక్క, లింకు ఐడీ, ఏటవాలు గీత, 17 అన్న క్రమం కనబడాలి. అక్కడ 17 లేకపోతే, పేజీ రూపాన్ని రాసే టెంప్లేట్‌లో ఆ లింకుకు కాంటెక్స్ట్ ఇవ్వడం మరచిపోయారన్నమాట. కాంటెక్స్ట్ అంటే ఈవెంట్‌తో పాటు ప్రయాణించే విలువల మూట.

ఈ విలువలలో తెలుగు అక్షరాలుంటే తెలుసుకోవలసిన విశేషం ఒకటుంది. టాపెస్ట్రీ చిరునామాలో ఆంగ్ల అక్షరాలు, అంకెలు, మరి కొన్ని గుర్తులు తప్ప మిగతా ప్రతి అక్షరాన్నీ డాలర్ గుర్తు, దాని వెనుక నాలుగు స్థానాల పదహారాంక సంఖ్యగా మార్చి రాస్తుంది. ‘అ’ అన్న అక్షరం డాలర్ గుర్తు తర్వాత సున్నా, సి, సున్నా, అయిదుగా మారుతుంది. ఖాళీ విలువకు, నల్ విలువకు కూడా డాలర్‌తో మొదలయ్యే ప్రత్యేక గుర్తులున్నాయి. కాబట్టి ఒక తెలుగు పుస్తకం పేరును చేత్తో అతికించి చిరునామా తయారుచేస్తే, బ్రౌజర్ దాన్ని తన పద్ధతిలో శాతం గుర్తులతో మార్చి పంపుతుంది, సర్వర్ ఆ శాతం గుర్తులను విప్పి తెలుగు అక్షరాలనే ముందుకు నెడుతుంది, టాపెస్ట్రీ ఆ అక్షరం చెల్లదని మొరాయిస్తుంది. హ్యాండ్లర్ వరకూ వ్యవహారం చేరనే చేరదు. చిరునామాలను చేత్తో అల్లకుండా ఫ్రేమ్‌వర్క్ చేతనే తయారుచేయించడం ఇందుకు సరైన పరిష్కారం.

ఫారంల విషయంలో ఇదే కోవకు చెందిన మరో లోపం కనిపిస్తుంది. టాపెస్ట్రీ తన ఫారంలో ‘టీ కోలన్ ఫారండేటా’ అనే దాచిన గడిని ఉంచి, ఆ ఫారంలో ఏయే గడులున్నాయో, పంపినప్పుడు ఏ క్రమంలో వాటిని సవరించాలో అందులో గుప్తంగా రాసుకుంటుంది. ఫారం పోస్ట్ పద్ధతిలో రాకపోయినా, ఆ గడి ఖాళీగా వచ్చినా, ఆ రెంటి అవసరాన్ని స్పష్టంగా చెప్పే ఎర్రర్ కనిపిస్తుంది. ఫారం చిరునామాను బ్రౌజర్ పై గడిలో నేరుగా తెరిచినప్పుడు గానీ, సొంత జావాస్క్రిప్ట్‌తో ఎంచిన గడులను మాత్రమే పంపినప్పుడు గానీ ఈ స్థితి వస్తుంది.

పేరు కుదిరిందా?

రెండో ప్రశ్న అన్నిటికంటే లోతైనది. టాపెస్ట్రీలో హ్యాండ్లర్ పేరు ‘ఆన్’ అనే మాటతో మొదలై, ఈవెంట్ పేరుతో కొనసాగి, కావాలంటే ‘ఫ్రమ్’ అనే మాట, ఆ తర్వాత కాంపొనెంట్ ఐడీతో ముగుస్తుంది. పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాను లెక్కలోకి తీసుకోదు. ‘ఆన్‌యాక్షన్‌ఫ్రమ్‌డిలీట్’ అంటే డిలీట్ అనే ఐడీ గల కాంపొనెంట్ నుంచి యాక్షన్ ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే మెథడ్ అని అర్థం. ఈ ఆనవాయితీ నచ్చనివారు మెథడ్‌కు ఇష్టమైన పేరు పెట్టుకుని, దాని మీద ‘ఆన్‌ఈవెంట్’ అనే యానొటేషన్‌లో ఈవెంట్ పేరును, కాంపొనెంట్ ఐడీని విడిగా రాయవచ్చు. పెద్ద జట్టులో పని చేస్తున్నప్పుడు ఈ రెండో పద్ధతే మేలు, చదివేవారికి ఉద్దేశం దాపరికం లేకుండా తెలుస్తుంది.

మొదటి ఉచ్చు ఐడీ దగ్గరే ఉంది. టెంప్లేట్‌లో మామూలు హెచ్‌టీఎంఎల్ ‘ఐడీ’ వేరు, టాపెస్ట్రీ నేమ్‌స్పేస్‌కు చెందిన ‘టీ కోలన్ ఐడీ’ వేరు. లింకుకు మొదటిది మాత్రమే ఇచ్చి ‘డిలీట్’ అని రాస్తే, బ్రౌజర్‌లో ఆ పేరు కనిపించవచ్చు గానీ సర్వర్ వైపున ఆ కాంపొనెంట్‌కు ఫ్రేమ్‌వర్క్ తానే ‘యాక్షన్‌లింక్’ అని ఒక ఐడీ పెట్టుకుంటుంది, అదే పేజీలో అలాంటిది ఇంకొకటి ఉంటే దానికి ‘యాక్షన్‌లింక్’ వెనుక కిందిగీత, సున్నా చేరుస్తుంది. ఇలా పుట్టిన ఐడీని నమ్ముకుని హ్యాండ్లర్ రాస్తే, రేపెవరైనా దాని పైన మరో లింకు పెట్టగానే వరస మారి, నిన్నటిదాకా పలికిన హ్యాండ్లర్ ఈవాళ వేరొక లింకుకు పలకడం మొదలుపెడుతుంది. హ్యాండ్లర్ ఉన్న ప్రతి కాంపొనెంట్‌కూ టీ కోలన్ ఐడీని చేత్తో ఇవ్వడం ఐచ్ఛికం అనిపించినా, దాన్ని నియమంగా పాటించడమే క్షేమం. లేని ఐడీని పేర్కొన్న మెథడ్‌ను తొలి కూర్పులు మౌనంగా వదిలేసేవి. తర్వాతి కూర్పులు ఫలానా మెథడ్ పేర్కొన్న కాంపొనెంట్ లేదని పేజీ తెరిచేటప్పుడే ఎర్రర్ చూపిస్తున్నాయి. పాత కోడ్‌ను నెట్టుకురావడానికి ఆ తనిఖీని ఆపేసే వీలు కూడా ఇచ్చారు గానీ, దాన్ని వాడటం దీపం ఉన్న గదిలో చీకటిని కోరుకోవడమే.

రెండవ ఉచ్చు విలువల సంఖ్యలో ఉంది. హ్యాండ్లర్ ఎన్ని పరామితులు అడుగుతోందో కాంటెక్స్ట్‌లో కనీసం అన్ని విలువలు ఉంటేనే ఫ్రేమ్‌వర్క్ దాన్ని పిలుస్తుంది. తక్కువైతే ఎర్రర్ ఇవ్వకుండా, హెచ్చరించకుండా పక్కన పెట్టేస్తుంది. పుస్తకం నంబరును ఆశించే ఆన్‌యాక్షన్‌ఫ్రమ్‌డిలీట్ మెథడ్‌కు, కాంటెక్స్ట్ లేని లింకు నుంచి ఈవెంట్ వస్తే ఆ మెథడ్ నడవదు. ఇది చాలాచోట్ల చూసే లోపమే అయినా చాలామంది పేరునే పదేపదే సరిచూస్తారు, పరామితుల వైపు చూపు పోదు. దర్యాప్తు కోసం ఆ మెథడ్‌లోని పరామితిని తాత్కాలికంగా తీసేసి చూస్తే, మెథడ్ పలికిందంటే లోపం టెంప్లేట్‌లోని కాంటెక్స్ట్‌లోనే ఉందని తేలిపోతుంది. మొత్తం మూటను ఒకేసారి అందుకునే ‘ఈవెంట్‌కాంటెక్స్ట్’ రకం పరామితి ఈ లెక్కలోకి రాదు కాబట్టి, అన్ని విలువలనూ లాగ్‌లో ముద్రించి చూడటానికి అది ఉపయోగపడుతుంది.

మూడవది ఈవెంట్ పైకి పాకే పద్ధతికి సంబంధించినది. ఒక కాంపొనెంట్‌లో పుట్టిన ఈవెంట్‌ను ఫ్రేమ్‌వర్క్ మొదట ఆ కాంపొనెంట్‌కే చూపి, అక్కడ ఎవరూ తీర్చకపోతే దాన్ని కలిగి ఉన్న కాంపొనెంట్‌కు, అక్కడి నుంచి మరో పై మెట్టుకు, చివరికి పేజీకి చేరుస్తుంది. ఇక్కడ మెలిక ఏమిటంటే, ప్రతి మెట్టు ఎక్కేటప్పుడూ ఆ ఈవెంట్ కింది మెట్టులోని కాంపొనెంట్ నుంచి వచ్చినట్టుగానే కనిపిస్తుంది. గ్రామస్థుడు మండల కార్యాలయానికి ఇచ్చిన అర్జీ జిల్లా కార్యాలయానికి చేరేసరికి పంపినవారి స్థానంలో మండల కార్యాలయం పేరే ఉన్నట్టు, ‘వరస’ అనే సొంత కాంపొనెంట్ లోపల ఉన్న డిలీట్ లింకును నొక్కినప్పుడు పేజీకి అది వరస నుంచి వచ్చిన యాక్షన్‌గా అందుతుంది. కనుక పేజీలో ‘ఆన్‌యాక్షన్‌ఫ్రమ్‌డిలీట్’ అని రాస్తే అది ఎన్నటికీ పలకదు. ఆ కాంపొనెంట్‌కు పేజీలో ఉన్న ఐడీతో రాయాలి, లేదా వరస కాంపొనెంట్ తానే ఒక అర్థవంతమైన పేరుతో కొత్త ఈవెంట్‌ను పుట్టించి పైకి పంపాలి. రెండవ మార్గం ఎక్కువ రాత పని అనిపించినా, కాంపొనెంట్ లోపలి నిర్మాణం మారినప్పుడు పేజీని ముట్టుకోనక్కరలేకుండా చేస్తుంది. దీనికి తోడు, మధ్యలో ఏ హ్యాండ్లర్ అయినా నల్ కాని విలువను గానీ, ట్రూ అనే విలువను గానీ తిరిగి ఇస్తే ఈవెంట్ అక్కడితో ఆగిపోతుంది, పై మెట్టులో ఉన్న హ్యాండ్లర్‌కు ఆ సంగతే తెలియదు.

ఒకే ఈవెంట్‌కు రెండు మూడు హ్యాండ్లర్లు కుదిరినప్పుడు క్రమం ఎలా ఉంటుందో తెలియకపోవడం ఇంకో తిప్పలకు మూలం. మూల క్లాసులోని మెథడ్లు ముందు నడుస్తాయి. ఒకే క్లాసులో ఉన్నవి పేర్ల అక్షర క్రమంలో నడుస్తాయి. పేరు ఒకటే అయితే ఎక్కువ పరామితులున్నది ముందు నడుస్తుంది. అందువల్ల ‘ఆన్‌యాక్షన్’, ‘ఆన్‌యాక్షన్‌ఫ్రమ్‌డిలీట్’ రెండూ ఉన్న పేజీలో మొదటిదే ముందు నడిచి, అది గనుక ఏదైనా విలువ తిరిగి ఇస్తే రెండోదానికి వంతు రాదు. పేజీ మొదలయ్యేటప్పుడు నడిచే ‘ఆన్‌యాక్టివేట్’ను పరామితితో ఒకటి, పరామితి లేకుండా ఒకటి రాసినవారు రెండింటిలో ఒకటే నడుస్తుందని భావిస్తారు గానీ, మొదటిది ఏమీ తిరిగి ఇవ్వకపోతే రెండూ నడుస్తాయి, రెండోది ‘కొత్త రికార్డు’ సిద్ధం చేసేదైతే మొదటిది తెచ్చిన రికార్డు కాస్తా పోతుంది.

తనిఖీ ఈవెంట్ దగ్గర కాస్త ఆగడం అవసరం, ఎందుకంటే ఇక్కడ సమస్య హ్యాండ్లర్ పలకకపోవడం వల్ల రాదు, పలకవలసినదానికంటే ఎక్కువసార్లు పలకడం వల్ల వస్తుంది. ఫారం పంపినప్పుడు గడులన్నీ వరసగా తమ విలువలను పరిశీలించుకుంటాయి. అవన్నీ అయ్యాక ఫారం తన ‘వ్యాలిడేట్’ ఈవెంట్‌ను పుట్టిస్తుంది. తప్పులుంటే ‘ఫెయిల్యూర్’, లేకపోతే ‘సక్సెస్’, ఆ తర్వాత ఏది ఏమైనా ‘సబ్మిట్’ అనే ఈవెంట్ వస్తాయి. అయితే గడులు కూడా తమ పరిశీలనలో భాగంగా అదే వ్యాలిడేట్ పేరుతో ఈవెంట్లు పుట్టిస్తాయి. పేజీలో ‘ఫ్రమ్’ లేకుండా ‘ఆన్‌వ్యాలిడేట్’ అని రాసి, అందులో పాస్‌వర్డ్‌నూ దాని నిర్ధారణ గడినీ పోల్చారనుకోండి: మొదటి గడి పరిశీలన జరుగుతుండగానే ఆ ఈవెంట్ పైకి పాకి ఈ మెథడ్‌ను కదిలిస్తుంది, అప్పటికి ఏ గడి విలువా పేజీ లక్షణాలలోకి చేరలేదు, కాబట్టి పోలికకు రెండు వైపులా నల్ దొరికి నల్ పాయింటర్ ఎక్సెప్షన్ లేస్తుంది. బ్రౌజర్‌లో రెండు గడులూ నిండుగా కనబడుతుంటే సర్వర్‌లో అవి నల్ అని చెప్పే ఈ లోపం ఎంతటివారినైనా తికమక పెడుతుంది. మెథడ్ పేరు చివర ‘ఫ్రమ్’ చేర్చి ఫారం ఐడీని రాయడంతో అది తీరిపోతుంది. ఐదో తరం తొలి రోజుల్లో ఫారం తనిఖీకి ‘వ్యాలిడేట్‌ఫారం’ అనే వేరే పేరు ఉండేది; ఆనాటి ఉదాహరణలను చూసి రాసేవారు తాము వాడుతున్న కూర్పులో ఏ పేరు చెల్లుబాటులో ఉందో సరిచూసుకోవాలి.

‘ఆన్‌సక్సెస్’ నడవలేదన్న ఫిర్యాదుల్లో చాలా భాగం నిజానికి కనబడని తనిఖీ తప్పులదే. టెంప్లేట్‌లో తప్పులను చూపే ‘ఎర్రర్స్’ కాంపొనెంట్ పెట్టకపోతే ఫారం మళ్లీ అదే పేజీగా తిరిగి వస్తుంది, ఏమీ జరగనట్టే ఉండవచ్చు. అనుమానం తీరాలంటే ‘ఆన్‌ఫెయిల్యూర్’ మెథడ్ ఒకటి తాత్కాలికంగా రాసి అది నడుస్తోందో లేదో చూస్తే చాలు. ఒకే పేజీలో వెతుకులాట ఫారం, లాగిన్ ఫారం రెండూ ఉన్నప్పుడు ఉత్త ‘ఆన్‌సక్సెస్’ రెండింటికీ పలుకుతుందన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నడిచి, ఫలితం పోయిందా?

హ్యాండ్లర్ మొదటి పంక్తిలో పెట్టిన లాగ్ వాక్యం కనబడుతోంది, అయినా తెర మీద మార్పు లేదు అన్న స్థితి వచ్చినప్పుడు చూపు నెట్‌వర్క్ పట్టికలోని ఆ రెండు వరసల వైపు తిరిగి మళ్లాలి. టాపెస్ట్రీ ఈవెంట్‌ను తీర్చడానికి ఒక అభ్యర్థనను, పేజీని గీయడానికి మరో అభ్యర్థనను వాడుతుంది. వినియోగదారు రిఫ్రెష్ నొక్కితే అదే ఆర్డరు రెండోసారి నమోదు కాకుండా కాపాడేది ఈ ఏర్పాటే. అయితే మొదటి అభ్యర్థన ముగిసిన క్షణంలో పేజీలోని మామూలు ఫీల్డులన్నీ తొలి విలువలకు వెళ్లిపోతాయి. హ్యాండ్లర్‌లో ఒక ఫీల్డుకు “భద్రపరచడం జరిగింది” అన్న సందేశాన్ని కేటాయిస్తే, రెండో అభ్యర్థనలో పేజీ గీసే వేళకు ఆ ఫీల్డు ఖాళీ. దాని మీద ‘పర్సిస్ట్’ యానొటేషన్ ఉంచితే విలువ సెషన్‌లో నిలుస్తుంది. సందేశంలా ఒక్కసారి కనబడి పోవలసినదైతే అందులోనే ‘ఫ్లాష్’ పద్ధతిని ఎంచుకోవాలి, లేకపోతే నిన్నటి సందేశం ఈరోజు కూడా వేలాడుతుంది. ప్రతి ఫీల్డుకూ భయంకొద్దీ పర్సిస్ట్ తగిలించడం మరో తప్పు: సెషన్ బరువెక్కుతుంది, ఒకే వినియోగదారు రెండు ట్యాబులు తెరిస్తే ఒకదాని విలువ మరొకదానిలోకి చొరబడుతుంది. రికార్డు నంబరు లాంటివాటికి చిరునామాయే సరైన చోటు.

ఆ చిరునామాలో నంబరును ఉంచేది ‘ఆన్‌ప్యాసివేట్’, దాన్ని తిరిగి అందుకునేది ‘ఆన్‌యాక్టివేట్’. ఈ రెండూ జంట. పేజీ తెరుచుకునేటప్పుడు ఆన్‌యాక్టివేట్ నంబరును అందుకుంది కదా అని ఆన్‌ప్యాసివేట్ రాయకుండా వదిలేస్తే, ఆ పేజీలోని ఫారం చిరునామాలో ఆ నంబరు చేరదు. ఫారం పంపినప్పుడు ఆన్‌యాక్టివేట్‌కు విలువ అందదు, పైన చెప్పిన నియమం ప్రకారం అది మౌనంగా దాటిపోతుంది, హ్యాండ్లర్‌లో రికార్డు నల్ అవుతుంది. ఇదే కోవలో, పేజీ గీయడానికి ముందు నడిచే ‘సెటప్‌రెండర్’ మెథడ్‌లో డేటాబేస్ నుంచి తెచ్చిన వస్తువు ఈవెంట్ అభ్యర్థనలో ఉండదు, ఎందుకంటే ఆ అభ్యర్థనలో పేజీని గీయడమే ఉండదు. రెండు రకాల అభ్యర్థనలకూ కావలసిన దాన్ని ఆన్‌యాక్టివేట్‌లో గానీ, ఫారం ‘ప్రిపేర్’ ఈవెంట్‌లో గానీ తెచ్చుకోవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లోపం కూడా ఉంది: పోవలసిన విలువ పోకపోవడం. 5.2 కూర్పు నుంచి పేజీ వస్తువు ఒక్కటే ఉండి, దాని ఫీల్డుల విలువలు మాత్రం థ్రెడ్‌కో ప్రతిగా విడివిడిగా ఉంటాయి. ఫీల్డును ప్రకటించే చోటనే దానికి కొత్త జాబితా ఒకదాన్ని తొలి విలువగా ఇస్తే, ఆ ఒక్క జాబితానే వినియోగదారులందరూ పంచుకుంటారు. ఒకరి బుట్టలో వేసిన వస్తువు మరొకరి తెర మీద కనిపిస్తుంది. పరీక్షించేవారు ఒక్కరే ఉన్నంత కాలం ఇది బయటపడదు. అందుకే దీన్ని ఈ అధ్యాయంలోని లోపాలన్నిటిలోకీ ప్రమాదకరమైనదిగా ఎంచాలి. మార్పు చెందే వస్తువును ప్రకటన దగ్గర సృష్టించకుండా మెథడ్ లోపల సృష్టించడమే దీనికి మందు.

తిరిగి ఇచ్చే విలువ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు: నల్ అయితే అదే పేజీ, పేజీ క్లాసు గానీ పేరు గానీ అయితే ఆ పేజీ, లింకు వస్తువైతే ఆ చిరునామా, స్ట్రీమ్‌రెస్పాన్స్ అయితే ఫైలు. తనకు తెలియని రకాన్ని, ఉదాహరణకు పూర్ణాంకాన్ని, ఇస్తే ఫ్రేమ్‌వర్క్ తాను ఏయే రకాలను అంగీకరిస్తుందో పట్టికతో సహా ఎర్రర్‌లో చూపుతుంది. పేజీలో ఒక భాగాన్ని మాత్రమే మార్చే ‘జోన్’ వాడినప్పుడు మాత్రం, జావాస్క్రిప్ట్ ఏ కారణం చేతనైనా నడవకపోతే అదే లింకు మామూలు అభ్యర్థనగా వస్తుందని గుర్తుంచుకుని, అభ్యర్థన ఏ రకంగా వచ్చిందో చూసి జవాబివ్వాలి.

సాక్ష్యం సేకరించడం

ఊహకు బదులు సాక్ష్యం కావాలనుకునేవారికి టాపెస్ట్రీ తగినన్ని పరికరాలే ఇచ్చింది. లాగ్ అమరికలో ‘టాపెస్ట్రీ’, ‘ఈవెంట్స్’ అన్న రెండు మాటలను చుక్కలతో పేజీ క్లాసు పూర్తి పేరుకు ముందు చేర్చి, ఆ లాగర్‌ను డీబగ్ స్థాయికి మారిస్తే, ఆ పేజీకి ఏ ఈవెంట్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ మెథడ్ నడిచిందో వరసగా నమోదవుతుంది. ఈవెంట్ వచ్చినట్టుండి మెథడ్ పేరు లేకపోతే లోపం రెండో ప్రశ్నలోనే ఉందని అక్షరాలా రుజువైనట్టు. ఒక్క మెథడ్ మీద ‘లాగ్’ యానొటేషన్ ఉంచితే దాని రాకపోకలు, అందుకున్న విలువలు, తిరిగి ఇచ్చిన విలువ డీబగ్ స్థాయిలో కనిపిస్తాయి. అభివృద్ధి దశలో ప్రొడక్షన్ మోడ్‌ను ఫాల్స్‌గా ఉంచాలి, అప్పుడే ఎర్రర్ పేజీ టెంప్లేట్‌లోని ఏ పంక్తి దగ్గర తప్పు జరిగిందో చూపిస్తుంది.

కోడ్ మార్చినా ప్రవర్తన మారడం లేదంటే, మార్పు అసలు సర్వర్‌కు చేరిందో లేదో ముందు చూడాలి. పేజీలు, కాంపొనెంట్లు, మిక్సిన్లు, బేస్ క్లాసులు ఉండే ప్యాకేజీలలోని క్లాసులను టాపెస్ట్రీ సర్వర్ ఆపకుండానే తిరిగి ఎక్కించుకుంటుంది; వాటికి బయట ఉన్న మామూలు క్లాసులకు ఆ సదుపాయం లేదు. పేజీల ఉమ్మడి మెథడ్లను పెట్టిన మూల క్లాసు కూడా తప్పనిసరిగా ఈ ప్యాకేజీలలోనే, మామూలుగా బేస్‌లో, ఉండాలి, లేకపోతే దాన్ని ఎక్కడికి మార్చాలో చెబుతూ ఎర్రర్ వస్తుంది.

లోపం తీరిన తర్వాత చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. పేరు మీద నిలిచిన ముడి మళ్లీ పేరు మారినప్పుడు తెగుతుంది కాబట్టి, దాన్ని కాపాడటానికి ఒక పరీక్ష రాసి పెట్టాలి. ‘పేజ్‌టెస్టర్’ అనే క్లాసు సర్వ్‌లెట్ కంటైనర్ లేకుండానే పేజీని గీసి, దానిలోని లింకును నొక్కి, ఫారం విలువలు నింపి పంపి, వచ్చిన పత్రాన్ని చేతికిస్తుంది. తొలగించు లింకును నొక్కాక ఆ పుస్తకం జాబితాలో లేదని సరిచూసే పరీక్ష పదిహేను ఇరవై పంక్తులకు మించదు, టెంప్లేట్‌లో ఎవరైనా ఐడీ మార్చిన వెంటనే అది విఫలమవుతుంది. పేజ్‌టెస్టర్ జావాస్క్రిప్ట్‌ను నడపదు గనుక, జోన్లకు, బ్రౌజర్ వైపు తనిఖీలకు సంబంధించిన హ్యాండ్లర్లను మాత్రం సెలీనియం వంటి పరికరంతో అసలు బ్రౌజర్‌లోనే పరీక్షించాలి.